పెంపదగిన చేపలు, పెంపరాని చేపలు: ఉప్పల్, నాచారముల యింటి తొట్లను గూర్చిన చారిత్రక విచారణ

 

మత్స్యావతార కథ నెరుగనివారు గంగపుత్రులలో నుండరు. శతపథ బ్రాహ్మణమున నా కథ మిక్కిలి సామాన్యముగా మొదలగును. మనువు ప్రాతఃకాలమున చేతులు కడుగుకొనుచుండగా నీటితోపాటు చిన్నచేప యొకటి యాతని చేతికి వచ్చెను. చిన్నచేపలను పెద్దచేపలు మ్రింగుచుండును గావున తన్ను పెంచి కాపాడుమని యది వేడుకొనెను. మనువు దానిని కుండలో పెంచెను. కుండ చాలలేదు, గోతిలో విడిచెను. గోయియు చాలలేదు, తుదకు సముద్రమున విడిచెను. భక్తుల కిది యవతార గాథ. వలపట్టి బ్రదికిన మనకు ఇందొక వృత్తిధర్మము గూడ కానవచ్చుచున్నది. ఇంటి కుండలో చేపను పెంచిన మొదటివాడు మనువే. ఆ కుండ దానికి తుది నీరు కాదని తెలిసికొన్నవాడును మనువే. చేపను పెంపబూనువాడు నేడది యుండు తొట్టినే గాక, రేపది చేరగల చెరువును, ఏటిని గూడ తలపోసి యెన్నుకొనవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దింతమాత్రమే. తక్కినదంతయు దీనికి చరిత్రమునుండి తెచ్చిన సాక్ష్యము.

ఈ విచారణ యిప్పు డేల యని కొందరడుగవచ్చును. ఇటీవలి కాలమున ఉప్పల్, నాచారము, రామంతాపురము, మల్లాపురము వాడలలో మనవారు కొందరు పెరళ్లలోను, ఖాళీ జాగాలలోను టార్పాలిన్ తొట్లు కట్టి చేపలను పెంపబూనుచున్నారు. ఏ చేపపిల్లలను తెచ్చి విడువవలెనని మమ్ము ప్రశ్నించుచున్నారు. లాభమెంత యని మొదట నడుగుదురు. చట్టమేమి యని తుదకు నడుగుదురు. కొందరా తుది ప్రశ్నను అడుగనే యడుగరు. ఈ వరుస తలక్రిందుగా నున్నది. దానిని సరిచేయుటకే యీ ప్రయత్నము.

చెరువులనాటి మాట

కాకతీయ రాజుల కాలమునుండియు తెలంగాణము చెరువుల సీమ. పాఖాల, రామప్ప, లక్నవరము మొదలగు 13వ శతాబ్దినాటి తటాకములు నేటికిని నిలిచియున్నవి. అంతటివి కాకపోయినను ఊరూర చెరువులు, కుంటలు గొలుసువలె నొకదానితో నొకటి కూడి, పై చెరువు మత్తడి దుమికినచో క్రింది చెరువు నిండునట్లు కట్టబడినవి. ఉప్పల్ నల్ల చెరువు, నాచారము పెద్ద చెరువు, రామంతాపురము చెరువు ఆ కాలపు వ్యవస్థకు మన కనులయెదుట మిగిలిన గుర్తులు. ఈ సీమ వాననీరు వాగులబడి మూసీని చేరును. మూసీ వాడపల్లి కడ కృష్ణను చేరును.

ఆ చెరువులలో చేపల నెన్నుకొన్నవాడు మనుజుడు కాడు, వానదేవుడు. తొలకరి వరదకు పరకలు, జెల్లలు నీటి కెదురెక్కి వచ్చెడివి. లోతునీట వాలుగ తిరిగెడిది. వేసవిలో నీరింకినను కొర్రమట్ట, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి బురదలో దాగి, పైకి వచ్చి గాలి పీల్చి ప్రాణము నిలుపుకొనెడివి. వీని నడతలన్నియు మన పెద్దలకు కరతలామలకములు. కొర్రమట్ట జంట తన యెర్రని పిల్లల గుంపును కాచుకొని తిరుగుచుండగా వల వేయరాదని వారు చెప్పగా మేము వినియున్నాము. తల్లిని పట్టినచో పిల్లలు తక్కిన చేపల నోటబడును. మరునాటి వల వట్టిదగును. అది యే సర్కారును వ్రాసిన చట్టము కాదు, ఐనను చట్టమే. వృత్తి నెరిగినవాడు తనకు తాను విధించుకొన్న చట్టము.

ఆ కొర్రమట్టయే 2016లో తెలంగాణ రాష్ట్ర మత్స్యముగా ప్రకటింపబడినది. మృగశిర కార్తెకు హైదరాబాదున బత్తినివారు పంచెడి చేపప్రసాదమునకు జనులు వరుసలు తీరి కొనుచుండునదియు నీ కొర్రమట్ట పిల్లనే. కావున మన నీటి చేప యేదని యడిగినచో దూరము పోయి వెదకవలసిన పనిలేదు.

శాసనములు, గ్రంథములు

ఏ చేపను ముట్టవచ్చును, ఏ చేపను ముట్టరాదు అను విధి నిన్న మొన్నటిది కాదు. అశోక చక్రవర్తి పట్టాభిషిక్తుడైన 26 సంవత్సరములకు వేయించిన యైదవ స్తంభశాసనమున చంపరాని ప్రాణుల పట్టిక యొకటి కలదు. అందు కొన్ని చేపలును చేరియున్నవి. అంతియగాక కొన్ని పర్వదినములందు చేపలను చంపుటయు, అమ్ముటయు కూడదని యాతడు శాసించెను. అనగా జాతినిబట్టి యొక నిషేధము, కాలమునుబట్టి యొక నిషేధము. నేటి మత్స్య చట్టములందును మనకు కానవచ్చునవి యీ రెండు సూత్రములే.

పండ్రెండవ శతాబ్దిలో కళ్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును కూర్చెను. మన కొలనుపాక మొదలగు ప్రాంతములు నాడా వంశపువారి యేలుబడిలో నుండినవి. ఆ గ్రంథమునందలి మత్స్యవినోద ప్రకరణమున సముద్రపు చేపలు, ఏటి చేపలు వేరువేరుగా పేర్కొనబడినవి. ఏ జాతికి ఏ మేత వేయవలెనో గూడ చెప్పబడినది. రాజున కది వినోదము కావచ్చును. కాని చేపను గూర్చిన విద్య జాతిని గుర్తించుటతోనే ప్రారంభమగునని యా రాజు గ్రహించెను. ఈ మాట పాఠకులు మనసున నుంచుకొందురుగాక. ముందు చెప్పబోవు నష్టములన్నియు జాతిని గుర్తింపలేకపోవుటవలన వచ్చినవే.

తెలుగు మత్స్యనామములు ఆంగ్ల శాస్త్రగ్రంథమున కెక్కుట 1803లో జరిగినది. విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి చేపలు రెండువందలను వర్ణించి, చిత్రములతో లండనున ప్రకటించెను. వానిలో పెక్కింటికి స్థానికులు వాడు పేర్లనే వ్రాసికొనెను. ఆ పేర్లు చెప్పినవారెవరు? తెల్లవారుజామున వలలు లాగిన పల్లెకారులు గాక మరెవరు? పిమ్మట 1822లో ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చియు, 1875 మొదలు 1878 వరకు ఫ్రాన్సిస్ డే భారతదేశపు చేపలన్నిటిని గూర్చియు గ్రంథములు ప్రకటించిరి. 1940 దశకమున మన హైదరాబాదు రాజ్యములోనే యం. రహీముల్లా మొదలగువారు జిల్లాలవారీగా చేపలను పరిశీలించి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పట్టికలు ప్రచురించిరి. శాస్త్రజ్ఞులు వ్రాసిరి, చేపను చేత పట్టి చూపినవారు జాలరులు. కావున చేపజాతుల నెరుంగుట మనకు పరవిద్య కాదు.

ఇక చట్టముల మాట. 1897లో బ్రిటిషు ఇండియాయందు మత్స్యచట్టము పుట్టెను. మందుగుండు పేల్చి చేపలను చంపుటయు, నీట విషము కలుపుటయు నది నేరములుగా నిర్ణయించెను. చంపుటను నిరోధించు చట్టము ముందు వచ్చినది. రాదగని చేపను నీట విడుచుటను నిరోధించు కట్టుబాటులు చాలకాలమునకు గాని రాలేదు. ఈ నడుమ జరిగినదే పరదేశి చేపల కథ.

పరదేశి చేపల రాక

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమపై యుద్ధము ప్రపంచమంతట నారంభమాయెను. ఆ యుద్ధములో సైనికురాలుగా గంబూసియా యను చిన్నచేప 1928లో ఇటలీనుండి మనదేశమునకు తేబడెను. అది దోమపిల్లలను తినుట నిజమే; తక్కిన చేపల గ్రుడ్లను, పిల్లలను తినుటయు నిజమే. నేడది ప్రపంచమున మిక్కిలి హానికరములగు నూరు చొరబాటు జాతుల పట్టికలో నున్నది. మంచి యుద్దేశముతో తెచ్చిన చేపయు చెరుపు చేయగలదనుట కిది తొలి పాఠము.

1939లో సింహళమునుండి నీలగిరులకు బంగారుతీగ వచ్చెను. 1952లో ఆఫ్రికా ఖండపు టిలాపియా వచ్చెను. అది తొట్టిలోనైనను చెరువులోనైనను నెలల పిల్లగా నుండగనే గ్రుడ్లుపెట్టి, నీరంతయు చిన్న చిన్న పిల్లలతో నింపి, తక్కిన చేపలకు మేత లేకుండ చేయును. ఏడేండ్లు తిరుగకముందే, అనగా 1959లో, దాని వ్యాప్తి నాపవలెనని భారత మత్స్య పరిశోధన సమితి నిర్ణయించెను. అప్పటికే యది దక్షిణదేశపు నీళ్లలో స్థిరపడిపోయెను. నీట విడిచిన చేపను కాగితముతో వెనుకకు పిలువ వీలుకాదని మనవా రప్పుడు తెలిసికొనిరి.

అదే కాలమున మేలైన కార్యమును జరిగినది. అంతకుముందు బొచ్చె, రవ్వ, మోసు పిల్లలను వరద కాలమున నదులలో పట్టి తేవలసియుండెను. అందే జాతి పిల్లలు కలిసియున్నవో తెలియుట కష్టము. 1957 జూలై 10వ తేదీన ఒడిస్సాలో హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలికున్హి గారలు చేపల మెదడు క్రింది గ్రంథిరసము నెక్కించి తల్లిచేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. ఆ దినమే నేడు జాతీయ మత్స్యకృషీవల దినోత్సవము. 1959లో గడ్డిచేప, వెండిచేప ప్రభుత్వ పరిశోధకుల చేతులమీదుగా వచ్చినవి. బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ, గడ్డిచేప, వెండిచేప అను నీ యారును ఒకే చెరువులో వేరువేరు మేతలు తినుచు కలిసి పెరుగు విధానము దేశమంతట వ్యాపించెను. పరదేశి చేపలన్నియు చెడ్డవి కావు. పరీక్షించి తెచ్చినది వేరు, చాటుగా తెచ్చినది వేరు.

చాటుగా వచ్చిన వానిలో మొదట చెప్పదగినది బిగ్‌హెడ్ అను పెద్దతల గండుచేప. అది 1987 ప్రాంతమున ననుమతి లేకయే వచ్చి, మన బొచ్చె తినెడి మేతకే పోటీ వచ్చెను. తరువాత 1990 దశకపు తొలి సంవత్సరములలో బంగ్లాదేశమునుండి ఆఫ్రికా మార్పు వచ్చెను. బజారులో దీనికి క్యాట్‌ఫిష్ అనియు, థాయ్ మాగూర్ అనియు పేర్లు. అది నీటి మురికిని లక్ష్యపెట్టదు, గాలి పీల్చును, దొరికినదెల్ల మ్రింగును, కొలది నెలలలో కిలోకు మించి తూగును. అందుచే ఆశకు లోబడినవారు కోళ్ల వ్యర్థములను, కబేళాల వ్యర్థములను వేసి దానిని పెంపసాగిరి. పారిపోయిన ఆఫ్రికా మార్పు చెరువులోని దేశవాళీ చేపలను మ్రింగివేయును. 1997లో భారత ప్రభుత్వము దాని పెంపకమును నిషేధించి, ఉన్నవానిని నాశనము చేయవలసినదని రాష్ట్రములకు వ్రాసెను. ఐనను చాటు పెంపకము నిలువలేదు. హైదరాబాదు పరిసరములలో నధికారులు పలుమార్లు తనిఖీలు చేసి యా చేపలను పాతిపెట్టించుట పత్రికలలో చదువుచునే యున్నాము.

చెరువులు పోయి తొట్లు వచ్చుట

గత శతాబ్ది ద్వితీయార్ధమున ఉప్పల్, నాచారములు పారిశ్రామిక వాడలైనవి. 2007లో ఉప్పల్ పురపాలకము మహానగర పాలక సంస్థలో కలిసెను. 2017లో నాగోలునుండి మెట్రో రైలు నడచెను. నగరము వచ్చినది, మంచిదే. కాని చెరువుగట్ల మీదికి ఇండ్లును, చెరువు కడుపులోనికి మురుగునీరును గూడ వచ్చినవి. మురుగు చేరిన చెరువులో ముందుగా నశించునవి పరకలవంటి సున్నితపు చేపలు. వలలు మడచి మనవారిలో కొందరు కర్మాగారములలో చేరిరి. కొందరు కొల్లేటి సీమ చెరువులనుండి వచ్చు మంచుపెట్టెల చేపలను కొని యమ్ముకొనుచున్నారు. చేపను పట్టు కులము చేపను కొని యమ్ము కులముగా మారినది.

ఇట్టి స్థితిలో నింటి తొట్టి మనవారికి తిరిగి చేపతో సంబంధము కూర్చు సాధనము. 2006లో స్థాపింపబడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలికి మన హైదరాబాదే కేంద్రస్థానము. 2020లో నారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి తొట్లకును, నీటిని వడగట్టి తిరిగి వాడు పద్ధతులకును సహాయము చేర్చబడినది. కావున మేము తొట్ల పెంపకమునకు విరోధులము కాము. మా భయ మొక్కటే: చెరువులను పోగొట్టుకొన్న కులము, తొట్టినుండి పారిపోయిన యొక్క చేపచే మిగిలిన చెరువులను గూడ పోగొట్టుకొనరాదు.

ఇట జరిగిన యొక సంగతి చెప్పుట యుక్తము. మా బంధువర్గములోని నాచారపు యువకు డొకడు రెండు తొట్లు కట్టి, దేశవాళీ మార్పు పిల్లలని నమ్మించి యొకడు తెచ్చి యిచ్చిన పిల్లలను విడిచెను. నాలుగు నెలలకే యవి ముంజేతిని మించి పెరిగెను. అతడు సంతోషించి మాకు చూప పిలిచెను. మేము చూచినంతనే అనుమానించితిమి. తల వెనుకటి యెముకను తడవి చూచి నిశ్చయించితిమి. అవి యాఫ్రికా మార్పులు. వల్ల అమ్మిన నేరము, అమ్మకున్న నష్టము. అతని తల్లి కన్నీరు పెట్టుకొనుచు, తెలియక చేసిన దానికి శిక్షయా యని మమ్మడిగెను. మత్స్యశాఖవారికి తెలిపి, వారి యెదుటనే చేపలను సున్నముతో గోతిలో పాతిపెట్టితిమి. పిల్లల నమ్మినవానికి రసీదు లేదు, చిరునామా లేదు. ఆ కుటుంబపు నష్టము మేము లెక్కకట్టగలము. కాని యా గోతినుండి నడచుచున్నపుడు మాకు గలిగిన సిగ్గు వేరు. మన పెద్దలు చీకటిలో వలనుండి తీసిన చేపను వ్రేళ్లతో తడవియే జాతి చెప్పగలవారు. వారి మనుమడు పగటివేళ తన తొట్టిలోని చేపను గుర్తింపలేకపోయెను.

తొట్టి నాలుగు గోడల నడుమ నున్నది గదా, చెరువున కేమి భయమని కొందరందురు. 2020 అక్టోబరు 13వ తేదీ నాటి రాత్రిని వారు మరచిరి. ఆనాడు మనకు తూర్పుననున్న ఘటకేసరు వైపున నొక్క దినములో సుమారు 32 సెంటీమీటర్ల వర్షము కురిసెను. ఉప్పల్, రామంతాపురము వాడలలో నీరు ఇండ్లలోనికి చొచ్చెను. వీధి యేరైన రాత్రి పెరటి తొట్టి యేటిలో భాగమే. ఆ నీటి దారి మూసీకి, కృష్ణకు పోవును. మనువు కుండ మొదలు సముద్రము వరకు సాగిన కథ యిదియే కదా!

ఇక్కడి మేలు అక్కడి కీడు

నిషేధమన్నది చేప కులమునకు శిక్ష కాదని తెలియుటకు అమెరికా దృష్టాంత మొకటి చాలును. 1960 దశకమున ఆసియాఖండమునుండి తెచ్చిన మార్పు చేప ఫ్లారిడా రాష్ట్రమున పెంపకపు గుంటలనుండి తప్పించుకొని, వాన రాత్రులలో నేలమీద ప్రాకి చెరువునుండి చెరువునకు వ్యాపించెను. అచ్చటి ప్రభుత్వము మార్పు వంశము నంతటిని హానికర జీవులలో చేర్చెను. 2002లో మేరీలాండు రాష్ట్రపు క్రాఫ్టను అను నూరి చెరువులో, కొని తెచ్చిన యెవరో విడిచిన చీనాదేశపు కొర్రమట్ట జాతి చేపలు పిల్లలు పెట్టినవి. చెరువునకు మందు చల్లి చేపలన్నిటిని చంపవలసివచ్చెను. ఆ సంవత్సరమే కొర్రమట్ట వంశమంతయు నచట దిగుమతి చేయరాని పట్టికలో చేరెను.

చూచితిరా! మనము రాష్ట్ర మత్స్యమని గౌరవించు కొర్రమట్ట యచట నేరస్థురాలు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు సోదరులు స్వదేశాభిమానముతో ప్రాణముగల కొర్రమట్టను తెప్పించుకొనదలచిన చట్టమున కెర యగుదురు. చేపయందు దోషము లేదు. తనది కాని నీటిలో విడుచుటయందే దోషమున్నది. ఈ న్యాయమునే మన యూరి తొట్టికి వర్తింపజేసికొందము.

ఇంటి తొట్టికి తగిన యెన్నిక

మొదటి తరగతి మన నీటి చేపలు. కొర్రమట్ట, దేశవాళీ మార్పు, ఇంగిలాయి. మూడును గాలి పీల్చును గావున చిన్న తొట్టిలో ప్రాణవాయువు తగ్గినను తట్టుకొనును. కొర్రమట్ట తన కంటె చిన్నదానిని మ్రింగును; అందుచే పిల్లలను పరిమాణమునుబట్టి తరచుగా వేరుచేయవలెను. మూడును తొట్టి దాటి దుమికి ప్రాకి పోగలవు. పైన వల కప్పుట తప్పదు. దేశవాళీ మార్పు ప్రకృతిలో నానాటికి తగ్గి, అంతరించు ప్రమాదము గల జాతులలో నొకటిగా ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘపు పట్టిక కెక్కినది. దానిని పెంచుట లాభమే కాదు, ఋణవిమోచనము.

దానిని ఆఫ్రికా మార్పునుండి గుర్తించు విధ మిది. దేశవాళీ మార్పునకు తల వెనుకటి యెముక కొన సన్నగిలి గుండ్రమై యుండును. ఆఫ్రికా దానికి వెడల్పై రెండు వంపులుగా నుండును. దేశవాళీది గోధుమ యెరుపు చాయ. ఆఫ్రికాది బూడిదరంగు మేనిపై మచ్చలు. దేశవాళీది నెమ్మదిగా పెరుగును. కొలది నెలలలో కిలో తూగు మార్పు మన మార్పు కాదని తెలియునది. పిల్లలుగా నున్నపుడు గుర్తించుట కష్టము గావున, పేరు, చిరునామా, రసీదు ఇయ్యగల నర్సరీలోనే కొనవలెను. రసీదు లేని చోట కొనుటకంటె తొట్టి నెండబెట్టుట మేలు.

రెండవ తరగతి బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. ఇవి యనుమతి గలవే; 2016 మొదలు తెలంగాణ ప్రభుత్వము చెరువులలో నుచితముగా విడిచిన పిల్లలలో నివి ముఖ్యమైనవి. కాని యివి యీదుటకు చెరువు కోరును. నాలుగు మీటర్ల వ్యాసము, మీటరు లోతు గల తొట్టిలో పట్టునది సుమారు 12,500 లీటర్ల నీరు మాత్రమే. అందు బొచ్చె పెంచుట యేనుగును పెరటిలో కట్టుటవంటిది. చెరువు కౌలు గల మన సహకార సంఘములకే యివి తగినవి.

మూడవ తరగతి యనుమతిపై పెంపదగినవి. ఒకనాడు కాదన్న టిలాపియాలోనే, వంశము మెరుగుపరచి, మగపిల్లలుగా మాత్రమే యుత్పత్తి చేసిన రకమును నేడు ప్రభుత్వము నియమములతో ననుమతించుచున్నది. పంగాసియస్ సంగతియు నట్టిదే. ఇవి పెంపదలచినవారు ముందుగా జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున విచారించి, వ్రాతమూలముగా ననుమతి పొంది, పిమ్మటనే తొట్టి నింపవలెను. రూప్‌చంద్ మొదలగు తక్కిన పరదేశి చేపల విషయమునను ఇదే మర్యాద పాటింపవలెను. అందరు పెంచుచున్నారు గదా యనుట యనుమతి పత్రము కాదు.

నాలుగవ తరగతి యెన్నడును ముట్టరానివి. ఆఫ్రికా మార్పు, బిగ్‌హెడ్. వీనితోపాటు అద్దాల తొట్టెలలోని యలంకారపు చేపలను గూర్చి యొక మాట. పాచి తినుటకని కొనిన సక్కరు చేప పెద్దదైనంతనే జాలిపడి చెరువులో విడుచువారు కలరు. దాని ముండ్లచర్మము నేడు తెలుగు సీమల జాలరుల వలలను చీల్చుచున్నది. ఆసియా అరోవానా, అరపైమా వంటి విదేశీ మత్స్యములను ఇంట నుంచుకొన్నవారు, 2023 ఏప్రిల్ 1 నుండి యమలులోనికి వచ్చిన వన్యప్రాణి చట్ట సవరణ ననుసరించి వానిని నమోదు చేయించుకొనవలెను. ఏ చేపనైనను విసుగుపుట్టి చెరువులో విడుచుట పుణ్యము కాదు, పాపము.

తొట్టి నిర్వహణలో మూడు మాటలు. కుళాయి నీటిలో క్లోరిను కలదు. నొక దినము గాలి పట్టించి పిమ్మట చేపను విడువవలెను. కోళ్ల వ్యర్థములు వేయరాదు. తొట్టి నీరు పోవు గొట్టమునకు సన్నని జాలి బిగించి, ఆ నీటిని మురుగు కాలువలోనికి గాక చెట్లకు పారించవలెను.

విన్నపము

మన మహాసభకు విచ్చేయు పోషకులకు మాదొక మనవి. విద్యార్థి వేతనములతోపాటు, ఏటేట నొక దినము మన పిల్లలకు చేపజాతులను గుర్తించుట నేర్పు ఏర్పాటు చేయుడు. ముసలివారిని పిలిపింపుడు, మత్స్యశాఖ యుద్యోగులను పిలిపింపుడు, ఒక తొట్టిలో మన మార్పును, ఒక సీసాలో ఆఫ్రికా మార్పును ప్రక్క ప్రక్కన నుంచి చూపుడు. ఉప్పల్, నాచారములలో తొట్లు గలవారు కలసి, పిల్లలను విడివిడిగా గాక నొక్క నమ్మకమైన నర్సరీనుండి కొని, రసీదుల నొకచోట భద్రపరచుకొందురుగాక.

చెరువులపై మన హక్కును గూర్చి మన మనేక తీర్మానములు చేసియున్నాము. అది న్యాయమే. కాని హక్కు కోరువాడు ఆ నీటికి తానెట్టి చేపను ఇచ్చుచున్నాడో గూడ చెప్పగలిగినప్పుడే యాతని మాటకు బరువు. గంగమ్మ పిల్లలమని చెప్పుకొను మనము, ఆమె యొడిలోనికి మన చేతులతో విడువదగని దానిని విడువకుందుముగాక. మనువు కుండలోని చేప లోకమును కాచినది. మన తొట్టిలోని చేప, కనీసము మన యూరి చెరువును చెరుపకుండినచో చాలును.